మధ్యముల మాట

చిన్నప్పుడు స్కూల్లో మనందరి చేతా ఒక పద్యం బట్టీ పట్టించారు, గుర్తుందా? భర్తృహరి సుభాషితానికి ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగు. అందులో మనుషుల్ని మూడే మూడు రకాలుగా విడగొట్టేశాడాయన. కష్టాలొస్తాయేమో అని అసలు పనే మొదలుపెట్టని వాళ్ళొక రకం. మొదలుపెట్టి, అడ్డంకి రాగానే వదిలేసేవాళ్ళు మధ్యములు. ఎన్ని విఘ్నాలొచ్చినా చివరిదాకా పట్టు విడవనివాళ్ళు ధీరులు. మా తెలుగు మేష్టారు ఆ పద్యం చెప్పినప్పుడల్లా క్లాసంతా ఒకసారి కలయజూసి, "మీరు ఏ రకం అర్రా?" అని అడిగేవారు. మేమంతా చేతులెత్తేసి, "ధీరులమేనండీ" అని గొంతు చించుకునేవాళ్ళం.

నలభై దాటాక ఇప్పుడు కూచుని లెక్క చూసుకుంటే చెయ్యెత్తడానికి మొహం చెల్లడం లేదు. వీణ రెండేళ్ళు నేర్చుకుని, పెళ్ళి కుదరగానే మానేశాను. ఎం.ఏ. మొదటి సంవత్సరం పరీక్షలు రాశాను; రెండో సంవత్సరం నాటికి మా పెద్దాడు కడుపులో ఉన్నాడు. మావారికని మొదలుపెట్టిన స్వెట్టరు ఒక చెయ్యి దాకా వచ్చి, ఆయన పొట్ట పెరిగిపోవడంతో ఆగిపోయింది. బీరువా అడుగున అట్టపెట్టెలో అయిదో ప్రకరణం దగ్గర ఆగిన నవలలు మూడున్నాయి. మనం మధ్యతరగతి వాళ్ళం అని అందరికీ తెలుసు గాని, మధ్యములం కూడా అన్న సంగతి బయటికి చెప్పుకోం, అంతే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన ఏడాది అక్టోబరులో ఒక అడవి దారిలో ఒక్క పూట నడిచాను. ఆ నడక నన్ను ఇంకా వదల్లేదు.

మా చెల్లెలు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో, ఎడిసన్ దగ్గర ఉంటుంది. అక్కడ గోంగూర దొరుకుతుంది, వ్రతం చేయించే పంతులుగారూ దొరుకుతారు. పది రోజులు అవన్నీ చూశాక ఒక శనివారం పొద్దున్నే అది, "అక్కా, షాపులు చాలు. ఇవాళ నీకొక దారి చూపిస్తాను" అంది.

"దారిలో చూడ్డానికేముంటుందే?"

"చూడ్డానికి కాదు, నడవడానికి."

చీర కట్టుకుంటానంటే ఒప్పుకోలేదు. దాని పంజాబీ డ్రెస్సు, దాని కూతురి బూట్లు నాకు తగిలించింది. పులిహోర డబ్బా, నాలుగు నారింజపళ్ళు, నీళ్ళ సీసాలు సంచీలో సర్దింది. గంటన్నర లోపే ఒక కొండ కింద కారు ఆపింది. అక్కడ డెలావేర్ నది కొండల వరసని నిలువునా కోసుకుని పోతుంది. ఆ సందులో నిలబడి రెండు వైపులా గోడల్లా లేచిన కొండల్ని చూస్తే, పాపికొండల మధ్య గోదావరి మీద లాంచీలో వెళ్ళిన రోజు గుర్తొచ్చింది.

కారు దిగిన చోట ఒక చెట్టు మొదట్లో తెల్లరంగుతో నిలువుగా ఒక చార వేసి ఉంది. రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడుగు. మనిళ్ళలో సున్నం వేసేవాడు చెయ్యి తుడుచుకున్నట్టుంది.

"ఇదే గుర్తు. ఇలాంటి చారలు చూసుకుంటూ ఇటు నడిచావనుకో, జార్జియా పోతావు. అటు నడిచావనుకో, మెయిన్ పోతావు" అంది మా చెల్లెలు. మన ఇంటి సందులో నిలబడి ఇటు పోతే కన్యాకుమారి, అటు పోతే కాశ్మీరం అన్నంత తేలిగ్గా.

నిజానికి ఆ పోలిక మరీ అతిశయోక్తి కాదు. ఆ బాట పేరు అపలేచియన్ ట్రెయిల్. అమెరికాకి తూర్పు వైపున్న కొండల మీదుగా పోయే కాలిబాట. దక్షిణాన జార్జియా రాష్ట్రంలో స్ప్రింగర్ అనే కొండ మీద మొదలై, పద్నాలుగు రాష్ట్రాలు దాటి, మెయిన్ రాష్ట్రంలో కటాడిన్ అనే కొండ మీద ముగుస్తుంది. 2190 మైళ్ళ పైచిలుకు. అంటే దాదాపు 3500 కిలోమీటర్లు. ఒక్క విడతలో నడవాలంటే అయిదారు నెలలు పడుతుంది. అలా నడుద్దామని బయల్దేరేవాళ్ళలో నాలుగో వంతు మందే సుమారుగా చివరిదాకా వెళ్తారట. తక్కిన ముప్పాతిక మందీ మన పద్యం లెక్కన మధ్యములే. ఇక పొద్దున్న ఎక్కి సాయంత్రానికి దిగిపోయే మా బోటివాళ్ళు ఏటా లక్షల్లో ఉంటారు. భర్తృహరి మమ్మల్ని ఏ వరసలో కూచోబెట్టేవాడో తెలీదు!

మేం వెళ్ళాల్సింది కొండపైనున్న ఒక చెరువు దాకా. నాలుగు మైళ్ళకి కాస్త తక్కువ. మొదట ఒక వాగు పక్కనే దారి. మేపిల్ ఆకులు ఎర్రగా, హికరీ ఆకులు పసుపుగా, కుంకుమభరిణె, పసుపుభరిణె పక్కపక్కన బోర్లించినట్టున్నాయి. తర్వాత రాళ్ళు మొదలయ్యాయి. చూపు నేలమీదినుంచి తిప్పితే బోర్లాపడతాం. రంగులు చూడాలంటే ఆగాలి; నడవాలంటే రంగులు వదులుకోవాలి.

ఒక మైలు నడిచాక రాతి మీద కూచుని నారింజపండు ఒలిచాను. తొక్క పొదల్లోకి విసరబోతే మా చెల్లెలు చెయ్యి పట్టుకుంది.

"సంచీలో వెయ్యి. తెచ్చింది మళ్ళీ పట్టుకుపోవాలి ఇక్కడ."

"నారింజ తొక్కేగా, మట్టిలో కలిసిపోదూ?"

"కలవడానికి నెలలు పడుతుంది. ఈలోగా జంతువులు వాసన పట్టి మనిషి తిండికి మరుగుతాయి. ఈ కొండల్లో ఎలుగుబంట్లున్నాయి."

"ఒక్కపూట వచ్చి పోయేవాళ్ళకి కూడా ఇన్ని నియమాలా?"

అది నవ్వింది. "నడక సగమైతే మర్యాద కూడా సగమే ఉండాలా అక్కా?"

మాటవరసకే అంది. కాని నాకెక్కడో గుచ్చుకుంది. ఎందుకో చెప్పాలంటే మా నాన్నగారి సంగతి చెప్పాలి.

అమ్మ పోయాక నాన్న అయిదేళ్ళు నా దగ్గరే ఉన్నారు. మొదటి మూడేళ్ళూ ఆయన వల్ల నాకు పని లేదు సరిగదా, కూరలు తరిగిపెట్టేవారు, నా రాతప్రతుల్లో తప్పులు దిద్దేవారు. తర్వాత బాత్రూంలో జారిపడ్డారు. అక్కణ్ణించి మంచం. స్నానం, మందులు, దుప్పట్లు మార్చడం, రాత్రి మూడుసార్లు లేవడం. ఈ పనులు ఎలా ఉంటాయో చదువుతున్న మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. రెండేళ్ళు చేశాను. ఒక రాత్రి నాలుగోసారి పిలిచినప్పుడు, "నన్ను కాసేపు బతకనివ్వండి నాన్నా" అని అరిచాను. ఆయన మళ్ళీ తెల్లారేదాకా పిలవలేదు. దుప్పటి తడిసిపోయినా పిలవలేదు.

వారం తిరక్కుండా నాన్నని విశాఖపట్నంలో అన్నయ్య దగ్గరికి పంపేశాను. "పది రోజులుండి రండి నాన్నా, మీకూ గాలి మార్పు" అన్నాను. అన్నయ్యకీ వదినకీ అదే చెప్పాను. పది రోజులు కాస్తా యాభై రోజులయ్యాయి. యాభై మూడోనాడు ఆయన అక్కడే పోయారు.

కర్మలకి వచ్చిన చుట్టాల్లో ఒకావిడ వంటింట్లో మరొకావిడతో, "అన్నీ చేసింది పాపం, చివరికి మాత్రం నిలబడలేకపోయింది" అనడం నా చెవిన పడింది. అంతే! అయిదేళ్ళూ సున్న అయిపోయాయి. ఆ మాటలో ఉన్న మధ్యములు అన్న ముద్ర నా నుదుటి మీద పడిపోయింది. మేష్టారు మళ్ళీ క్లాసంతా చూస్తున్నారు, నా చెయ్యి పైకి లేవడం లేదు.

ఇదీ నా సంచీలో పులిహోరతోపాటు ఆ కొండ ఎక్కుతున్న బరువు.

సగం దూరం పోయాక ఎదురుగా ఒకావిడ దిగుతూ వచ్చింది. అరవై దాటి ఉంటుంది. వీపు మీద తనకంటే పెద్ద సంచీ, చేతుల్లో రెండు కర్రలు. మమ్మల్ని చూసి ఆగి పలకరించింది. అడవిలో ఎదురుపడ్డ మనుషులు ఆగి మాట్లాడుకోవడం ఎంత బాగుంటుందో చూడండి! అదే ఊళ్ళో అయితే లిఫ్టులో ఒకరి మొహం ఒకరు చూసుకోం. మా చెల్లెలు పులిహోర పెట్టింది. ఆవిడ కరివేపాకుతో సహా నమిలి తినేసి, ఇంకో గరిటె అడిగి వేయించుకుంది.

"మెయిన్ నుంచి నడిచి వస్తున్నారా?" అని అడిగాను భక్తిగా.

"లేదమ్మా, ముక్కలు ముక్కలుగా నడుస్తున్నా. నేను నర్సుని. ఏడాదికి రెండు వారాలు సెలవు దొరికేది. పోయినసారి ఆగిన చోటునుంచి మొదలుపెట్టి, సెలవు అయిపోయిన చోట ఆపేస్తాను. పన్నెండేళ్ళయింది. ఇంకా మూడు రాష్ట్రాలున్నాయి."

"అలా ముక్కలుగా నడిస్తే ఒప్పుకుంటారా?" అన్నాను. పరీక్షలు కంపార్టుమెంటల్లో పాసయితే పట్టా ఇస్తారా అన్నట్టు.

ఆవిడకి నా ప్రశ్న వింతగా అనిపించినట్టుంది. ఆ బాటని చూసుకునే సంస్థవాళ్ళు ఏకబిగిన నడిచారా, ఇరవై ఏళ్ళలో నడిచారా, ఏ వైపునుంచి నడిచారు, ఎంత వేగంగా నడిచారు అని తేడా చూడరట. మొత్తం నడిచామని చెప్పినవాళ్ళ పేరు ఒకే పట్టికలో రాసుకుంటారట.

"మధ్యలో మూడేళ్ళు అసలు రానేలేదు. అమ్మకి బాగాలేక దగ్గరుండి చూసుకున్నాను. తర్వాత వచ్చి చూస్తే దారి ఎక్కడికీ పోలేదు, ఆపిన చోటే ఉంది" అని నవ్వింది.

ఆవిడే చెప్పింది ఎమ్మా గేట్‌వుడ్ అనే ముసలావిడ కథ. ఇంటికొచ్చాక నేనూ చదివాను. ఒహాయో రాష్ట్రంలో పల్లెటూరి మనిషి. పదకొండు మంది పిల్లల తల్లి. మొగుడు చావగొట్టేవాడు, చివరికి విడాకులు పుచ్చుకుంది. పిల్లలంతా ఎవరి దారిన వాళ్ళు స్థిరపడ్డాక, ఒక పాత పత్రికలో ఈ బాట గురించి చదివింది. 1954లో మెయిన్ వైపునుంచి మొదలుపెట్టింది. కొద్ది రోజుల్లోనే దారి తప్పింది, కళ్ళజోడు పగిలిపోయింది. అడవి ఉద్యోగులు ఆవిడని వెతికి పట్టుకుని, ఇంటికి పొమ్మన్నారు. పోయింది! అక్కడితో కథ ఆగితే ఆవిడ కూడా మధ్యమురాలే. మరుసటేడు 1955లో జార్జియా నుంచి మళ్ళీ బయల్దేరింది. వయస్సు 67. కాళ్ళకి కాన్వాసు బూట్లు, భుజాన తనే కుట్టుకున్న గుడ్డసంచీ, వర్షానికి బాత్రూం పరదా. పిల్లలతో నడకకి వెళ్తున్నానని మాత్రమే అంది. అబద్ధం కాదుగా మరి! 146 రోజుల్లో కటాడిన్ చేరింది. ఒంటరిగా ఒకే ఏడాదిలో ఆ బాటంతా నడిచిన మొదటి స్త్రీ ఆవిడ. 1957లో మళ్ళీ నడిచింది. మూడోసారి మాత్రం ముక్కలు ముక్కలుగా నడిచి 1964లో ముగించింది. ధీరుల్లో ధీర అయిన మనిషికి కూడా ముక్కలుగా నడవడం నామోషీ అనిపించలేదన్నమాట.

నర్సమ్మ దిగిపోయాక నాకు ఒక్క నిమిషం ఎంత హాయిగా అనిపించిందో! సగానికి కూడా విలువుంది. మేష్టారూ, చూశారా?

ఆ హాయి పావుమైలు కూడా నిలవలేదు. దారి ఎక్కడికీ పోలేదు అందావిడ. మరి మా నాన్న? ఆయన ఆపిన చోట లేరు. వచ్చే ఏడాది సెలవు పెట్టి మిగిలిన యాభై మూడు రోజులు పూర్తి చేస్తానంటే కుదరదు. ఆగిన చోట మనకోసం ఆగి ఉండే దారులు కొన్నే. పిల్లల పసితనం ఆగదు, పెద్దవాళ్ళ ముసలితనం అసలే ఆగదు.

అప్పుడు మొదలైంది నా తర్కం. ఏ పని సగం చేసినా విలువేనా? కాదు గదా. సగం కట్టిన వంతెన మీద ఎవరూ దాటలేరు. పైగా చీకట్లో వచ్చినవాడు ఏట్లో పడతాడు. సగం ఉడికిన అన్నం పెట్టినదానికంటే పస్తే నయం. కాని దారి సంగతి అలా కాదు. ఏ ముక్కకి ఆ ముక్క పనికొస్తుంది. అసలీ బాట పుట్టిందే అలా. బెంటన్ మెకై అనే ఆయన 1921లో ఇలాంటి బాటొకటి ఉండాలని పత్రికలో రాశాడు. ఎవరి కొండ దగ్గర వాళ్ళు ఒక్కో ముక్క వేసుకుంటూ వస్తే 1937 నాటికి మొత్తం కలిసింది. ఇవాళ్టికీ ముప్ఫై దాకా సంఘాలు దాన్ని పంచుకుని చూసుకుంటాయి. జీతం బత్తెం లేని మనుషులు తలా కొన్ని మైళ్ళు తీసుకుని, పడిన చెట్లు కోసి, చెరిగిన చారలకి మళ్ళీ తెల్లరంగు వేస్తారు. మొత్తం బాటని ఒక్క చేత్తో చూసుకునే మనిషంటూ ఎవరూ లేరు. ధీరుడు నడిచే దారి మధ్యములు వేసి పెట్టిందేనన్నమాట!

ఇంటి చాకిరీ వంతెనా, దారా? నాన్నకి పెట్టిన ప్రతి ముద్దా ఆ పూటకి ఆయన ఆకలి తీర్చింది. మంగళవారం చేయించిన స్నానం మంగళవారానికి సంపూర్ణం. నేను ఆరో ఏడు చెయ్యలేదు గనక మొదటి అయిదేళ్ళ అన్నం ఆయన ఒంటబట్టకుండా పోలేదు. చివరికి నిలబడలేకపోయింది అన్న ఆవిడ లెక్క తప్పు. సేవకి చివరి రోజుతో మార్కులెయ్యరు.

ఇంతవరకూ నా తర్కం నన్ను బాగానే గట్టెక్కించింది. మరి ఇంకా గుచ్చుకుంటున్నదేమిటి?

చెరువు చేరాం. సన్‌ఫిష్ పాండ్ అంటారు. 44 ఎకరాలు. ఎప్పటిదో మంచుయుగంలో హిమానీనదాలు తొలిచిన గుంటట. చుట్టూ రాళ్ళు, ఎర్రచెట్లు, మధ్యలో కదలని నీళ్ళు. ఇద్దరం రాతి మీద కూలబడి మోకాళ్ళు నొక్కుకున్నాం. 1960లలో ఈ చెరువుని విద్యుత్తు కోసం రిజర్వాయరు చేద్దామనుకున్నారుట. చుట్టుపక్కల జనం గొడవచేశారు. 1967లో విలియం డగ్లస్ అనే సుప్రీంకోర్టు జడ్జిగారు వాళ్ళతోపాటు ఈ చెరువు దాకా నడిచి వచ్చాడు. చివరికి చెరువు దక్కింది. ఆ రోజు నడిచినవాళ్ళు కూడా పొద్దున్న ఎక్కి సాయంత్రం దిగినవాళ్ళే. ఒక్కపూట నడక!

మా చెల్లెలు నీళ్ళకేసి చూస్తూ అంది: "నువ్వేమిటో చివరి యాభై రోజులూ చెయ్యలేదని కుమిలిపోతావు. నా సంగతి చూడు. ఏడాదికోసారి మూడు వారాలు వచ్చేదాన్ని. నాన్నకి స్వెట్టర్లు, చాక్లెట్లు, కాళ్ళకి నూనె రాయడం. నేను రాగానే ఆయన మొహం వెలిగిపోయేది. పక్కింటివాళ్ళు అమెరికా కూతురు ఎంత ప్రేమగా చూస్తుందో అనేవాళ్ళు. నువ్వు వంటింట్లోంచి వినేదానివి. నాకు తెలుసు."

"నాకప్పుడు ఒళ్ళు మండేది" అన్నాను.

"మండాలి మరి. ఒక్కపూట నడిచి దండ వేయించుకున్నాను. అదీ నా బాధ. నడక తక్కువైనందుక్కాదు."

దాని మాటతో నాకు చటుక్కున వెలిగింది. దాని బాధ మూడు వారాలే చేసినందుకు కాదు. ఆ మూడు వారాలని మొత్తంగా చెల్లనిచ్చినందుకు. నా బాధా ఆగిపోయినందుకు కాదు. ఆగిపోతున్నానని చెప్పనందుకు. "నాన్నా, నాకు ఓపిక అయిపోయింది. కొన్నాళ్ళు అన్నయ్య చూసుకుంటాడు. ఎన్నాళ్ళో నాకే తెలీదు" అని ఉంటే ఆయన ఏడ్చేవారేమో, నేనూ ఏడ్చేదాన్ని. కాని అది ఇద్దరం కలిసి ఏడ్చిన ఏడుపయ్యేది. నేను పది రోజులన్నాను. ఆయనతో, అన్నయ్యతో, వదినతో, నాతో నేను కూడా. నడక సగంలో ఆపొచ్చు. నిజం మాత్రం సగంలో ఆపితే అది సగం వంతెనే. చీకట్లో దాటబోయినవాళ్ళు పడతారు. నడక సగమైతే మర్యాద కూడా సగమా అని పొద్దున్న మా చెల్లెలన్నది నారింజ తొక్క గురించే. నేను నా తొక్క ఇంకొకళ్ళ పొదల్లోకి విసిరేసి వచ్చాను.

అవును, ఆ చివరి యాభై మూడు రోజులూ నడిచిందెవరు? మా వదిన. పది రోజులకని ఒప్పుకుని, ఒక్కసారీ ఫోను చేసి "ఇంకెన్నాళ్ళు?" అని అడగని మా వదిన. ఆవిడకి నేను ఇంతవరకూ ఒక్క మంచిమాట చెప్పలేదు. చెబితే నేను ఆగిపోయానని ఒప్పుకున్నట్టవుతుందని. పైగా చివరిదాకా చూసిన పేరు ఆవిడకి దక్కిందని లోపల్లోపల కుళ్ళుకున్నాను కూడా. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, ఈ పేజీలో సిగ్గుపడితే ఇంకెక్కడ చెప్పుకుంటాను?

దిగేటప్పుడు పొద్దు వాలిపోయింది. అడవిలో చీకటి కిందనుంచి పైకి లేస్తుంది. ముందు కాళ్ళు కనపడవు, తర్వాత చేతులు. మా చెల్లెలు టార్చి వేసింది. ఒక చెట్టు మీద తెల్లచారలు రెండు, ఒకదానిమీద ఒకటి కనపడ్డాయి. "రెండుంటే ఇక్కడ దారి మారుతోంది, జాగ్రత్తగా చూసుకోమని అర్థం" అంది. మనుషులు ముందే అలా రెండు గీతలు గీసుకుని ఉంటే ఎంత బాగుండును అనుకున్నాను. ఇక్కడిదాకా వచ్చాను, ఇక్కడ తిరుగుతున్నాను, మీరు చూసుకోండి అని.

ఆ రాత్రి, అంటే మనకి పొద్దున్న, వదినకి ఫోను చేశాను. కాఫీ పెట్టుకుంటున్నట్టుంది, గిన్నెల చప్పుడు.

"వదినా, నాన్నని పంపినప్పుడు పది రోజులన్నాను చూడు. అది నిజం కాదు. అప్పటికే నావల్ల కావడం లేదు. నీకు ఆ మాట చెప్పవలసింది" అన్నాను ఒక్క గుక్కలో.

అవతల గిన్నెల చప్పుడు ఆగింది. తర్వాత వదిన, "ఆ పది రోజుల మాట నేనప్పుడే నమ్మలేదులే. మూడు నెలలకి సరిపడా మందులు సర్ది పంపావుగా సంచీలో" అంది.

నాకు గుర్తే లేదు. కాని సర్దే ఉంటాను. చేతులకి తెలుసు, నోరే ఒప్పుకోలేదు.

"మరి అప్పుడే అడగొచ్చుగా?"

"ఏమని అడగను? కోపం రాకపోలేదు. రెండు రోజులు మీ అన్నయ్య మీద విసుక్కున్నాను. తర్వాత పనిలో పడిపోయాను." కొంచెం ఆగి అంది: "మావయ్యగారు కూడా చూశారు సంచీ. నేను మందులు తీసి అలమారులో సర్దుతుంటే మంచంమీంచి చూసి నవ్వారు."

అది ఎలాంటి నవ్వో వదిన చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆయన క్షమించారనుకుంటే నాకు సుఖంగా ఉంటుంది. కాని ఆయన లేనప్పుడు ఆయన తరఫున నేను సుఖపడడం ఎంతవరకు న్యాయమో తేలడం లేదు. ఒకటి మాత్రం చేశాను. "ఆ యాభై రోజులూ నువ్వు నడిచావు వదినా" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. "ఏం నడక? నాకు మోకాళ్ళనొప్పులు" అంది.

మేష్టారు ఇవాళ మళ్ళీ క్లాసులో కనపడి, మీరు ఏ రకం అర్రా అని అడిగితే, నేను చెయ్యెత్తి లేచి నిలబడతాను. "మధ్యమురాలినండీ. ఫలానా చోటిదాకా నడిచాను. అక్కణ్ణించి మా వదిన నడిచింది" అంటాను. పద్యంలో ఆవిడకి చోటు లేదు. మేష్టారినే చూపించమని అడుగుతాను.